పేరు ఒకటే, పత్రాలు నాలుగు



రుద్రంగి నుండి ఒకవైపు కోరుట్లకు, మరొకవైపు వేములవాడ మీదుగా సిరిసిల్లకు సాగే దారుల వెంట గల పల్లెలలో గల్ఫ్ దేశాలతో ఏదో ఒక సంబంధం లేని ఇండ్లు తక్కువ. ఒక ఇంటిలో తండ్రి మస్కట్‌లో వయసంతా గడిపి తిరిగివచ్చి ఉంటాడు. కుమారుడు దుబాయిలో ఉంటాడు. అల్లుని వీసా కొరకు ఇల్లంతా ఎదురుచూస్తూ ఉంటుంది. బావి ఎండిన రైతుకు, మగ్గం ఆగిన నేత కార్మికునికి, దుకాణం నడవని దర్జీకి కష్టకాలంలో మొదట తోచే మార్గం అదే. హిందువులు, ముస్లిములు అనే భేదం ఈ విషయంలో లేదు. ఈ వలస మంచిచెడ్డలను గురించి ఇదివరకే ఎందరో వ్రాసియున్నారు. ఈ మాసం మేము ఒక్క విషయానికే పరిమితమవుతాము. అది పయనమయ్యే వ్యక్తి చేతిలోని గుర్తింపు పత్రాలు.

సొంత ఊరిలో మనిషిని ముఖం చూసి గుర్తిస్తారు. ఫలానా వారి కొడుకు, ఫలానా వారి మనుమడు అంటే చాలును. సముద్రం దాటిన పిదప అతనిని ఎరిగినవారు ఉండరు. కాగితం మీద ఏమి వ్రాసి ఉన్నదో అతడు అదే. అతని జీతం, వైద్యం, స్వదేశానికి తిరుగు ప్రయాణం, చివరకు అతని మృతదేహం కూడా ఆ కాగితంలోని అక్షరాలను బట్టే కదులుతాయి. ఆ అక్షరాలను సరిచూసుకోవలసినది విమానాశ్రయంలో కాదు, ఏజెంటు కార్యాలయంలో అంతకన్నా కాదు. ఇంటిలో, తల్లిదండ్రుల సమక్షంలో. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన మాట ఇంతే.

ప్రయాణానికి పత్రం అవసరమన్నది నేటి మాట కాదు. హిజ్రీ 725లో టాంజియర్ నుండి హజ్‌కు బయలుదేరిన ఇబ్నె బతూతా, ఈజిప్టు, సిరియాల మధ్య ఖత్యా అనే తనిఖీ స్థానాన్ని వర్ణించాడు. అక్కడ అనుమతి పత్రం లేనివారిని అటునుండి ఇటుకు గాని, ఇటునుండి అటుకు గాని పోనిచ్చేవారు కారు. రాత్రివేళ ఎవరైనా దొంగదారిన దాటిపోయారేమో తెలుసుకొనుటకు ఇసుకను చదును చేసి ఉంచి, తెల్లవారిన పిదప అడుగుజాడలు వెదికేవారట. మన కాలానికి వస్తే, భారతదేశపు హజ్ యాత్రికులకు పూర్వం ప్రత్యేక యాత్రా పత్రం ఇచ్చేవారు. 2009 హజ్ నుండి యాత్రికులు కూడా అందరివలె అంతర్జాతీయ పాస్‌పోర్టు చూపవలసివచ్చింది. జన్మలో ఏ కార్యాలయపు గడప తొక్కని వృద్ధులు సైతం అప్పటి నుండి తమ పేరును, పుట్టిన తేదీని కాగితంపై నిరూపించుకోక తప్పలేదు.

‘ఎండీ’ అనే రెండక్షరాలు

మన కుటుంబాలలో చిక్కు మొదలయ్యేది పేరు దగ్గరనే. జావీద్ అనే యువకుని ఊహించుకుందాము. బడిలో చేర్చిననాడు ఉపాధ్యాయుడు ‘ఎండీ జావీద్ పాషా’ అని వ్రాసుకున్నాడు. పదవ తరగతి మెమోలో అదే వచ్చింది. ఆధార్ నమోదు చేసినవారు ‘మహమ్మద్ జావీద్’ అన్నారు. రేషన్ కార్డులో ‘జావిద్’. బ్యాంకు పుస్తకంలో ‘ఎం.డి. జావీద్’. ఊరివారికి ఈ నలుగురూ ఒక్కడే. యంత్రానికి మాత్రం వీరు నలుగురు మనుషులు.

మహమ్మద్ అనే పవిత్ర నామాన్ని ఆంగ్లంలో వ్రాసేటప్పుడు మొదటి అక్షరం తర్వాత ‘ఓ’ వ్రాయాలా ‘యూ’ వ్రాయాలా, చివరి అక్షరానికి ముందు ‘ఈ’ ఉండాలా ‘ఏ’ ఉండాలా అన్నది వ్రాసేవారి అలవాటును బట్టి మారుతూ ఉంటుంది. షేక్, సయ్యద్ విషయంలోనూ ఇదే స్థితి. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలకు తావు లేదు, పేరును పూర్తిగా వ్రాయాలి. ‘ఎండీ’ని విప్పి వ్రాయవలసిన క్షణంలో ఏ వర్ణక్రమాన్ని ఎంచుకుంటామో అదే మున్ముందు వీసాలో, ఇఖామాలో, బీమా పత్రంలో, బ్యాంకు ఖాతాలో నిలిచిపోతుంది. కనుక పాస్‌పోర్టుకు పూర్వమే ఒక వర్ణక్రమాన్ని నిర్ణయించుకొని, తక్కిన పత్రాలన్నిటినీ దానికి అనుగుణంగా సవరించుకొనుట వివేకం. అయితే ఆధార్‌లో పేరు సవరణకు జీవితకాలంలో రెండు అవకాశాలే ఉన్నాయి, పుట్టిన తేదీకి ఒకటే. ఆ అవకాశాలను తొందరపాటుతో వృథా చేయరాదు.

రెండవ చిక్కు ఒంటి పేరు. మన పల్లెలలో ‘యాకూబ్’ అనో, ‘రజియా’ అనో ఒక్క పేరుతోనే పత్రాలు ఉన్నవారు కనిపిస్తారు. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి సందర్శక వీసాపై ప్రవేశం లేదని ప్రకటించింది. పిదప పాస్‌పోర్టు రెండవ పేజీలో తండ్రి పేరు గాని కుటుంబ నామం గాని ఉంటే అంగీకరిస్తామని సవరించారు. అరబ్బుల పద్ధతిలో మనిషి పేరు వెంట తండ్రి పేరు, తాత పేరు, వంశనామం వరుసగా వస్తాయి. ఒంటి పేరు వారికి అసంపూర్ణంగా తోచుటలో వింత లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదలరాదు.

మూడవది, పెంపకం పిల్లల విషయం. సంతానం లేని దంపతులు అన్న కొడుకునో చెల్లెలి బిడ్డనో పెంచుకొనుట మంచి పనియే. కాని బడిలో తమనే తల్లిదండ్రులుగా వ్రాయించి, జనన ధ్రువపత్రంలో కన్నవారి పేర్లు ఉండనిచ్చినప్పుడు ఆ బిడ్డ పత్రాలు రెండుగా చీలిపోతాయి. పెంపుడు పిల్లలను వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలని దివ్యఖుర్ఆన్‌లోని అహ్‌జాబ్ సూరా 5వ వాక్యం ఆదేశిస్తున్నది. ధర్మం చెప్పిన ఈ మార్గమే పాస్‌పోర్టు కార్యాలయంలోనూ సుగమమైనది.

స్త్రీల పేర్లు మరింత చెదిరి ఉంటాయి. పుట్టింట ‘మహబూబ్ బీ’, సియాహనామాలో ‘మహబూబున్నిసా’, అత్తవారి రేషన్ కార్డులో ‘మహబూబ్ బేగం’. ఒకమారు బీడీలు చుట్టి బిడ్డలను పెంచిన ఒక తల్లి మా మదరసాకు వచ్చింది. ఆమె కుమారుడు పరదేశంలో ప్రమాదవశాత్తు మరణించాడు. బీమా పత్రంలో నామినీగా ఆమె పేరు ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా, పీఎఫ్ కార్డులో ఇంకొక విధంగా ఉన్నది.

“మౌలానా సాబ్, ఈ మూడు పేర్లూ నావే అని మీరొక కాగితం రాసియ్యండి. మీ మాట కాదనరు” అన్నది.

“అమ్మా, నిన్ను మేము ఎరుగుదుము, ఊరంతా ఎరుగును. కాని మా కాగితం అక్కడ నడవదు. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి, నోటరీ ముందు ప్రమాణపత్రం కావాలి” అని చెప్పాము.

“కొడుకు పోయినాక ఇప్పుడు నేనెవరినో నిరూపించుకోవాల్నా?” అని ఆమె అడిగింది.

ఆ తల్లికి మేము తిరిగి చెప్పగలిగినది ఏమీ లేకపోయింది. కాగితాలను వెంటబెట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరగగా తిరగగా ఆమెకు రావలసినది వచ్చింది. కుమారుడు బయలుదేరకముందే ఆధార్‌లో ఉన్న పేరును నామినీ గడిలో అక్షరం పొల్లుపోకుండా వ్రాసి ఉంటే, దుఃఖంలో ఉన్న ఆ తల్లికి ఆ తిరుగుడు తప్పి ఉండేది.

పుట్టిన తేదీ, పదవ తరగతి

మన తరంలో ఎందరికో పుట్టిన తేదీ అంటే బడిపంతులు ఊహించి వేసిన తేదీయే. ‘పెద్ద వానలు పడిన యేడు పుట్టాడు’ అని తల్లి చెబితే, ఆయన జనవరి 1 అనో జూన్ 1 అనో వ్రాసుకొనేవాడు. నేటి తల్లిదండ్రులకు ఆ వెసులుబాటు లేదు. 2023 అక్టోబరు 1న గాని, ఆ పిదప గాని పుట్టిన బిడ్డకు పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఏకైక ఆధారం. ఆసుపత్రిలో బిడ్డ పుట్టిననాడే తల్లిదండ్రుల పేర్లను తమ ఆధార్‌లో ఉన్నట్లుగా వ్రాయించాలి. అఖీఖా రోజున పేరు నిర్ణయించిన వెంటనే ఆ పేరును జనన నమోదులో చేర్పించాలి. పేరు లేని జనన ధ్రువపత్రాన్ని పెట్టెలో దాచి, బడిలో చేర్చే వయసు వచ్చినప్పుడు చూసుకోవచ్చును అనుకొనుట మంచిది కాదు.

ఇక పదవ తరగతి. 1983 నాటి వలసల చట్టం క్రింద, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ తరగతికి చెందుతుంది. అనగా గల్ఫ్ దేశాలతో కలిపి మొత్తం 18 దేశాలకు ఉద్యోగం నిమిత్తం వెళ్లేటప్పుడు వారు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందాలి. ఈ అధికారి కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. 50 ఏళ్లు దాటినవారికి, ఆదాయపు పన్ను చెల్లించేవారికి, మూడేళ్లకు పైబడి విదేశాలలో నివసించినవారికి మినహాయింపు ఉన్నది.

ఇక్కడ మదరసా విద్యార్థుల తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ హాఫిజ్ అయినందుకు మీరు సంతోషించుట సహజం, మేమూ సంతోషిస్తాము. కాని మేము ఇచ్చే సనద్ పాస్‌పోర్టు విషయంలో పదవ తరగతి మెమోకు సమానం కాదు. ఆలిమ్ అయిన యువకుడు ఇమామ్‌గానో, ఉపాధ్యాయుడుగానో, మరేదైనా ఉద్యోగానికో విదేశం వెళ్లదలచినా ఈ నిబంధన అడ్డువస్తుంది. 14 ఏళ్లు నిండిన విద్యార్థి తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా గాని, జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా గాని పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. హిఫ్జ్ చదువుతో పాటు ఇది సాధ్యమే. ఆ మెమోలో పేరు ఎట్లా వస్తుందో దరఖాస్తు నాడే చూసుకోవాలని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈసీఆర్ ముద్ర ఒక శిక్ష అని మన యువకులు భావిస్తారు. నిజానికి అది తక్కువ చదువుకున్నవానికి ప్రభుత్వం అడ్డుపెట్టిన గొడుగు. ఆ అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో, ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు లభిస్తాయి. లైసెన్సు ఉన్న ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే తీసుకోవాలి. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదో లేదో ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ వ్యవస్థలో ఎవరైనా సరిచూసుకోవచ్చును. ఈ గొడుగును తప్పించుకొనుటకే దళారీలు ‘విజిట్ వీసాపై పోదాం, అక్కడ మార్చుకుందాం’ అంటారు. విజిట్ వీసాపై పనికి పోయినవానికి ఈ బీమా లేదు, ఒప్పందం లేదు. గడువు తీరిన మరునాటి నుండి అతడు ఆ దేశంలో అక్రమ నివాసి.

వీసాలో ఏమున్నది?

చేతికి వచ్చిన వీసాను చదివించుకోకుండా విమానం ఎక్కరాదు. కువైట్‌లో 18వ నంబరు వీసా ప్రైవేటు సంస్థలలో పనికి, 20వ నంబరు వీసా ఇంటి పనికి. కంపెనీ పని అని చెప్పి 20వ నంబరు వీసా చేతిలో పెడితే, దిగిన పిదప వాదించుటకు ఆధారం ఉండదు. సౌదీలోనూ వృత్తి అనే గడిలో డ్రైవరు అని ఉన్నదో గొర్రెల కాపరి అని ఉన్నదో చూడాలి. ‘ఆజాద్ వీసా’ అనే మాట ఊళ్లలో వినిపిస్తుంది గాని, చట్టంలో అటువంటి వీసా లేదు. ఒక కఫీల్ పేరుతో వెళ్లి వేరొకచోట పనిచేయుట అని దాని అర్థం. పని ప్రదేశంలో ప్రమాదం జరిగితే అక్కడి యజమాని ఇతడెవరో తెలియదంటాడు. కఫీల్ పరారీ ఫిర్యాదు చేస్తే ఇతనిపై ‘హురూబ్’ పడుతుంది.

బఖరా సూరాలోని 282వ వాక్యం దివ్యఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైనది. అది అప్పుల లావాదేవీలను వ్రాతపూర్వకం చేసుకొమ్మని, సాక్షులను నిలుపుకొమ్మని విశ్వాసులకు ఉపదేశిస్తున్నది. పది వేల రూపాయల అప్పుకు ప్రామిసరీ నోటు వ్రాయించుకొనే మనము, రెండేళ్ల జీవితాన్ని అప్పగించే ఒప్పందాన్ని నోటిమాటపై వదిలివేయుట ఎట్లు సబబు? జీతం, పనిగంటలు, భోజన వసతులు, తిరుగు టికెట్టు వ్రాసి ఉన్న ఒప్పంద పత్రం బయలుదేరకముందే చేతిలో ఉండాలి.

అసత్యపు పత్రాల విషయం కూడా చెప్పుకోవాలి. గడువు మీరి పట్టుబడి, నిషేధంతో తిరిగి వచ్చినవారిలో కొందరు పేరు మార్చి, పుట్టిన తేదీ మార్చి కొత్త పాస్‌పోర్టుతో మళ్లీ పయనమవుతారు. దళారి దీనిని తెలివి అంటాడు. ఎమిరేట్స్‌లో 2000ల ఆరంభం నుండే కంటిపాపను పరీక్షించే యంత్రాలు ఉన్నాయి. పేరు మారినంత మాత్రాన కన్ను మారదు. పాస్‌పోర్టు కొరకు తప్పుడు సమాచారం ఇచ్చినవారికి మన చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. చట్టపు శిక్ష అటుంచితే, అసత్యంపై కట్టిన సంపాదన హలాల్ అవుతుందా అని ఆ యువకుడు తనను తాను ప్రశ్నించుకోవాలి.

పాస్‌పోర్టు ఎవరిది?

1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వపు ఆస్తి. అది మన చేతిలో ఉన్న అమానత్ మాత్రమే. ఏజెంటు దానిని అప్పుకు తాకట్టుగా ఉంచుకొనుట చెల్లదు. మనము దానిని కుదువ పెట్టుట కూడా చెల్లదు. గల్ఫ్‌లో దిగిననాడే యజమాని పాస్‌పోర్టు తీసుకొనుట చాలాకాలంగా నడుస్తున్న అలవాటు. కతర్ 2015 నాటి చట్టంలో దీనిని నిషేధించి, 25,000 రియాళ్ల వరకు జరిమానా విధించింది. అయినను ఆచరణలో ఈ అలవాటు పూర్తిగా పోలేదు.

పాస్‌పోర్టు చేతిలో లేక, గడువు తీరినవానికి ఇండియాకు రావడానికి రాయబార కార్యాలయం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఒక్కటే మార్గం. మనవారు దానిని అవుట్‌పాస్ అంటారు. అది ఒక్కసారి స్వదేశానికి వచ్చుటకు మాత్రమే పనికివస్తుంది. ఎమిరేట్స్ 2007లో, 2018లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించింది. కువైట్ 2018లో, 2024లో ప్రకటించింది. ఆ రోజులలో రాయబార కార్యాలయాల ముందు మన జిల్లాలవారు ఎందరో నిలబడ్డారు. పాత పాస్‌పోర్టు నకలు ఉన్నవాని పని త్వరగా అయ్యేది. నకలు లేనివాడు భారతీయుడని నిర్ధారించుటకు స్వగ్రామం దాకా విచారణ రావలసివచ్చేది. క్షమాభిక్షకు గడువు ఉంటుంది, విచారణకు ఉండదు.

విచారణ వచ్చేది కూడా ఏ చిరునామాకు? 2014 జూన్ 2కు పూర్వపు పాస్‌పోర్టులలో మన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2016 అక్టోబరు 11కు పూర్వపువాటిలో రుద్రంగి కరీంనగర్ జిల్లా, చందుర్తి మండలంలోని గ్రామం. నేటి ఆధార్‌లో అదే రుద్రంగి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఒక మండల కేంద్రం. మనిషి కదలకపోయినా చిరునామా మారింది. అంతమాత్రాన పాత పాస్‌పోర్టు చెల్లకపోదు గాని, పునరుద్ధరణ నాటికి ఆధార్‌లో నేటి చిరునామా ఉండేటట్లు చూసుకొనుట మేలు. పాస్‌పోర్టు గడువు తీరుటకు ఏడాది ముందు నుండే పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చును. గల్ఫ్ ప్రయాణానికి కనీసం ఆరు మాసాల గడువు మిగిలి ఉండాలి.

ఇంటిలో ఉండవలసిన సంచి

పోయేవాడు పత్రాలన్నీ వెంట తీసుకొనిపోతాడు. ఇంటిలో ఏమీ మిగలదు. అక్కడ ఏమైనా జరిగిననాడు ఆ ఇల్లాలికి భర్త పాస్‌పోర్టు నంబరైనా తెలియదు. దుబాయి అంటుంది, ఏ కంపెనీయో చెప్పలేదు. కనుక భర్త బయలుదేరక ముందే ప్రతి ఇల్లాలూ ఒక సంచి సిద్ధం చేసుకోవాలి. అందులో పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల నకళ్లు, వీసా నకలు, ఒప్పంద పత్రం నకలు, బీమా పత్రం, ఏజెంటుకు సొమ్ము ఇచ్చిన రసీదు, తర్వాత అతడు పంపే ఇఖామా లేక బతాకా ఫోటో ఉండాలి. ఇవే ఫోనులో కూడా ఉండవచ్చును, కాని ఫోను పగిలిపోతుంది. కాగితం నకలు తప్పక ఉండాలి.

అదే సంచిలో నికాహ్ పత్రం కూడా ఉండాలి. మన ఖాజీ ఇచ్చే సియాహనామా ఉర్దూలో ఉంటుంది. దాని ఆధారంగా తెలంగాణ వక్ఫ్ బోర్డు ఆంగ్లంలో వివాహ ధ్రువపత్రం ఇస్తుంది. భార్యను కుటుంబ వీసాపై తీసుకొనిపోవుటకు గాని, విధివశాత్తు ఆమె వారసత్వం నిరూపించుకొనుటకు గాని ఇది అవసరమవుతుంది. కనుక నికాహ్ నాడే ఖాజీ ఎదుట వధూవరుల పేర్లను ఆధార్ చూసి వ్రాయించండి. పెండ్లి హడావుడిలో ఎవరో పెద్దమనిషి నోటితో చెప్పిన పేరు జీవితాంతం వెంటాడుతుంది.

చెప్పుటకు కష్టమైన మాట ఒకటి మిగిలింది. పరదేశంలో మరణం సంభవిస్తే, మృతదేహాన్ని స్వదేశానికి పంపుటకైనా, అక్కడే ఖననం చేయుటకైనా వారసుల అంగీకార పత్రం, అక్కడి మరణ ధ్రువపత్రం, రాయబార కార్యాలయపు అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు కావాలి. జనాజా విషయంలో జాప్యం తగదని మన ధర్మం చెబుతున్నది. కాని పాస్‌పోర్టులో భార్య పేరు ఒకటి, అంగీకార పత్రంపై సంతకం చేసిన స్త్రీ పేరు మరొకటి అయినచో ఆమె అతని భార్యయేనని తేలేదాకా శవాగారంలోని దేహం కదలదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. ఆ దరఖాస్తుకు కూడా మరణ ధ్రువపత్రం, రద్దయిన పాస్‌పోర్టు, వారసుల పత్రాలే ఆధారం.

కనుక మా విన్నపం ఇది. ఈ మాసంలో ఒక శుక్రవారం, జుమా నమాజు పిదప ఇంటిల్లిపాది కూర్చోండి. ఇంటిలోని ఒక్కొక్కరి ఆధార్, పదవ తరగతి మెమో, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ముందు పరచుకోండి. ఇంటిలో చదువుకున్న అమ్మాయి ఉంటే ఆమెకే ఈ బాధ్యత అప్పగించండి. ఆమె ఒక్కొక్క పేరును, తండ్రి పేరును, తేదీని అక్షరం అక్షరం పైకి చదవాలి, తేడాలు ఒక కాగితంపై వ్రాయాలి. ఆ తేడాల కాగితంతో మీసేవకు, అవసరమైతే తహశీల్దారు కార్యాలయానికి వెళ్లండి. కరీంనగర్‌లోని పాస్‌పోర్టు సేవా కేంద్రానికి పోవుట ఆ తర్వాతి మాట. 36 పేజీల పాస్‌పోర్టుకు ప్రభుత్వ రుసుము 1,500 రూపాయలు. ముందే సరిచూసుకొనుటకు అయ్యే ఖర్చు ఒక సాయంత్రం మాత్రమే.

జీవనోపాధి ఎక్కడ వ్రాసి ఉంటే అక్కడికి మనిషి పోతాడు. అతడు పోయిన చోట అతని పేరు అతనిదిగానే ఉండేటట్లు చూసుకొనుట మాత్రం మన చేతిలోని పని. పరదేశంలో ఉన్న మన బిడ్డలందరినీ అల్లాహ్ క్షేమంగా ఇండ్లకు చేర్చుగాక, ఆమీన్.